నాన్న ఫీల్డ్‌లో ఉన్న కాలం: మా అబ్బాయి కౌన్సెలింగ్ అనుభవం

సైన్యంలో పోస్టింగులు రెండు రకాలు. పీస్ స్టేషన్ అయితే, క్వార్టర్ దొరికినప్పుడు భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్ళవచ్చు. ఫీల్డ్, అంటే సరిహద్దు వంటి చోటు అయితే, జవాను ఒక్కడే వెళ్ళాలి. సాధారణంగా రెండు మూడేళ్ళకోసారి ఇవి మారుతుంటాయి కాబట్టి, సైనికుడి ఇంట్లో పుట్టిన బిడ్డ పదో తరగతి పూర్తిచేసేసరికి తండ్రి దగ్గర లేని సంవత్సరాలు చాలానే ఉంటాయి. మా వారు హవల్దారు. 2024లో ఆయన యూనిట్ జమ్మూ కాశ్మీర్‌లో నియంత్రణ రేఖ వైపు వెళ్ళినప్పుడు మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నాడు. ఆ తరువాత వాడి మనసు కుదుటపడడానికి మేము ఎవరి దగ్గరికి వెళ్ళామో, వాళ్ళు మాచేత ఏం చేయించారో, అందులో ఏది పనిచేసిందో, ఏది అంతగా పనిచేయలేదో ఇక్కడ రాస్తున్నాను. రాస్తున్నానని వాడికి చెప్పాను. తన పేరు మాత్రం వద్దన్నాడు.

యూనిట్ కదులుతుందని తెలిశాక మేము ఎక్కడ ఉండాలన్నది మొదటి ప్రశ్న. గిద్దలూరు దగ్గర అత్తవారి ఊళ్ళో సొంత ఇల్లుంది. చుట్టాలున్నారు, పాలూ కూరలూ ఇంటివే. కానీ అప్పటికి మా వాడు ఉత్తరాది స్టేషన్లలో పెరిగి, తెలుగు కంటే హిందీ బాగా మాట్లాడేవాడు. సెలవులకు ఊరికి వెళితే పెదనాన్న పిల్లలు వాణ్ణి "హిందీవోడు" అని పిలిచేవారు. అది ఎగతాళి అని వాళ్ళూ అనుకోలేదు గానీ, వీడు మాత్రం రెండో రోజుకే నోరు మెదపడం మానేసేవాడు. ఫీల్డ్‌లో ఉన్నవారి కుటుంబాల కోసం కొన్ని కంటోన్మెంట్లలో విడిగా క్వార్టర్లు ఉంటాయి. సికింద్రాబాద్‌లో మా వంతు వచ్చేదాకా తిరుమలగిరి వైపు అద్దె ఇంట్లో ఉండి, తరువాత ఆ క్వార్టర్‌లోకి మారాము. కేంద్రీయ విద్యాలయంలో బదిలీ అయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు, సైనికుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం ఉంటుంది, సంవత్సరం మధ్యలో వెళ్ళినా తీసుకుంటారు కాబట్టి చదువుకు ఆటంకం రాలేదు. పుస్తకాలు కూడా అవే. పాఠం ఆగిన చోటే మళ్ళీ మొదలవుతుంది. స్నేహితులు మాత్రం అలా మొదలవరు. వాడికది మూడో బడి.

సైనికుడి కొడుకుకు ప్రయాణమప్పుడు పెద్దలందరూ చెప్పే మాట ఒకటుంది: "నాన్న వచ్చేదాకా ఇంటికి నువ్వే పెద్ద దిక్కురా, అమ్మను జాగ్రత్తగా చూసుకో." స్టేషన్‌లో పెదనాన్న చెప్పాడు, ఫోన్‌లో మేనమామ చెప్పాడు, పక్క క్వార్టర్ సర్దార్జీ కూడా హిందీలో అదే చెప్పి వీపు తట్టాడు. ప్రేమతో చెప్పే మాటే, అందులో సందేహం లేదు. దాన్ని తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఎలా వింటాడన్నది మాకు కొన్ని నెలల తరువాత తెలిసింది.

మొదట్లో వాడు ఎంతో బుద్ధిమంతుడయ్యాడని అందరం మెచ్చుకున్నాము. అల్లరి లేదు, అడిగి చేయించుకునే పనే లేదు. రాత్రి పడుకునే ముందు వీధి తలుపు గడియ చూసేవాడు, వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ సిలిండర్ నాబ్ తిప్పి చూసేవాడు, పెరటి తలుపు గడియను ఒకసారి తీసి, మళ్ళీ వేసి, చెయ్యి పెట్టి లాగి చూసేవాడు. కొన్నాళ్ళకు ఆ వరుస రెండుసార్లయింది, తరువాత మూడుసార్లయింది. నేను పడుకున్నానని రూఢి చేసుకున్నాకే వాడు కళ్ళు మూసేవాడు. ఒక రాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే, వంటింటి గడపలో నిలబడి, నాబ్ మీద చెయ్యి అలాగే ఉంచి, నిద్రతో తూలుతున్నాడు. పిలిస్తే ఉలిక్కిపడి, "చూస్తున్నానమ్మా, అంతే" అన్నాడు. పొద్దున కడుపునొప్పి. అది సోమవారాల్లో మొదలై వారమంతా పాకింది. బడిలో టీచరు ఫిర్యాదేమీ చేయలేదు. తల్లిదండ్రుల సమావేశంలో "చాలా నెమ్మది, అయితే మధ్యాహ్నం తరగతిలో నిద్రపోతున్నాడు" అన్నారు. ఏడ్చే పిల్లల గురించి, కొట్లాడే పిల్లల గురించి పెద్దలు వెంటనే పట్టించుకుంటారు. ఇలా మరీ మంచిగా తయారైన పిల్లవాడు ఎవరి కంటా పడడు.

బడిలోని కౌన్సెలర్ వాడితో రెండు మూడుసార్లు మాట్లాడి, కడుపునొప్పికి ముందు డాక్టరుకు చూపించి, అక్కడ ఏమీ తేలకపోతే ఆలస్యం చేయకుండా సైకాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్ళమన్నారు. సైనిక కుటుంబాలకు ఈ దారి తెలిసిందే: డిపెండెంట్ కార్డు పట్టుకుని ఎంఐ రూమ్‌కు, అంటే యూనిట్ వాళ్ళ చిన్న వైద్య కేంద్రానికి, వెళ్ళాలి, అక్కడి రిఫరల్‌తో మిలిటరీ ఆసుపత్రిలో స్పెషలిస్టును కలవాలి. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, శరీరంలో దోషమేమీ లేదని తేల్చి, మానసిక వైద్య విభాగానికి రాశారు. ఆ కాగితం చూసి ఇంట్లో కొంత గొడవ జరిగింది. "పిల్లోడికి పిచ్చాసుపత్రి చీటీ ఏందమ్మా, రేపు వాళ్ళ నాయన సర్వీసు సంగతేంది" అని మా అత్తయ్య భయపడ్డారు. పిల్లవాడి చికిత్సకూ తండ్రి సర్వీసు రికార్డుకూ సంబంధం లేదని ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకుని ఆమెకు చెప్పాను. ఈ భయం మా ఇంటికి మాత్రమే ఉన్నది కాదని, క్వార్టర్లలో చాలామంది తల్లులు దీనివల్లనే ఎంఐ రూమ్‌లో కడుపునొప్పి మందు తీసుకుని తిరిగి వచ్చేస్తారని తరువాత తెలిసింది.

సైకాలజిస్టు మేడమ్ మొదటి సెషన్‌లో వాణ్ణి నాన్న గురించి ఏమీ అడగలేదు. కాగితం ఇచ్చి ఇల్లు గీయమన్నారు. వాడు క్వార్టర్ ప్లాను గీశాడు. గదులు చిన్నవిగా, తలుపులు పెద్దవిగా ఉన్నాయి. నన్ను మంచం మీద గీసి, తనను తలుపు దగ్గర గీసుకున్నాడు. "నువ్వెప్పుడు పడుకుంటావు?" అని మేడమ్ అడిగితే, "నేను పడుకుంటే అమ్మ ఒక్కతే ఉంటుంది కదా" అన్నాడు. అంతవరకూ వాడికి నాన్న మీద బెంగ అనే మేమంతా అనుకున్నాము. బెంగ ఉంది, కాదనను. కానీ వాణ్ణి నిద్రపోనివ్వనిది పెద్దలు అప్పగించిన బాధ్యత. ఆ బాధ్యతకు హద్దు ఎక్కడో వాడికి ఎవరూ చెప్పలేదు. దొంగ రాకుండా చూడడమా, అమ్మ ఏడవకుండా చూడడమా, గ్యాస్ పేలకుండా చూడడమా? హద్దు తెలియని పనిని పిల్లవాడు ఎంత చేసినా చాలలేదనే అనుకుంటాడని, ఒకసారి గడియ చూస్తే ఒక్క నిమిషం మనసు తేలికపడుతుందని, ఆ తేలిక కోసమే మళ్ళీ చూడాలనిపిస్తుందని మేడమ్ నాకు వివరించారు. దాన్ని ఒక్కరోజులో మాన్పించకూడదు, "ఏమీ కాదులే" అని పదేపదే ధైర్యం చెప్పడమూ పనికిరాదు. అది కూడా వాడికి ఇంకో గడియ అవుతుంది అన్నారు. చూడడాన్ని రాత్రికి ఒకసారికి తగ్గించాలి, తరువాత నేను చూసి వాడికి చెప్పాలి, ఆ తరువాత చెప్పడమూ మానాలి. మొదటి వారం ఏడ్చాడు. రెండో వారం నాకు తెలియకుండా లేచి చూసి వచ్చాడు. మూడో వారం కూడా పెద్దగా మార్పు లేదు.

మార్పు తెచ్చింది మా మామగారు. ఆయన మాజీ సైనికుడు, 1987లో శ్రీలంకకు వెళ్ళిన శాంతి సేనలో పనిచేసినవారు. మనవణ్ణి చూడడానికి వచ్చి, రాత్రి వాడు తలుపుల దగ్గర తిరగడం గమనించి, మమ్మల్నెవరినీ అడగకుండా వాణ్ణే అడిగారు: "నీ డ్యూటీ ఎన్ని గంటలు?" వాడికి అర్థం కాలేదు. "సంత్రీకి డ్యూటీ రెండు గంటలు. రెండు గంటలయ్యాక రెండోవాడు వస్తాడు. వాడికి అప్పజెప్పి పోయి పడుకోవాల. పడుకోకుండా తెల్లారిందాకా నేనే నిలబడతానంటే శభాష్ అనరు, సుబేదార్ సాబ్ తిడతాడు. నిద్రలేనోడు మర్నాడు దేనికీ పనికిరాడు." ఆ రాత్రి నుంచి మా ఇంట్లో గార్డు మార్పిడి మొదలైంది. తొమ్మిదింటికి వాడు ఇంటి తాళాల గుత్తి తెచ్చి తాతయ్య చేతిలో పెట్టి, "సబ్ ఠీక్ హై" అని చెప్పాలి. తాతయ్య దాన్ని అందుకుని "డ్యూటీ తీసుకున్నాను" అనాలి. ఆ తరువాత తలుపు ముట్టుకునే హక్కు వాడికి లేదు. మామగారు ఊరికి వెళ్ళాక గుత్తి నాకు అప్పజెప్పడం సాగింది. మేడమ్‌కు చెబితే నవ్వి, తాను చెప్పినదాన్నే ఆయన వాడి భాషలో చెప్పారన్నారు. ఇక ముందు అదే పద్ధతిలో నడుద్దామని, కొన్ని వారాల తరువాత పగటి డ్యూటీ కూడా అమ్మదేనని వాడికి అర్థమయ్యేలా చెప్పించారు. వాడికి చిన్న పనులు మిగిల్చాము: మొక్కలకు నీళ్ళు పోయడం, క్యాంటీన్ సామాను సంచిలోంచి తీసి సర్దడం. పని అసలే లేకుండా చేయవద్దని, హద్దు ఉన్న పని పిల్లలకు బలాన్నే ఇస్తుందని మేడమ్ చెప్పారు. రెండు మూడు నెలల్లో కడుపునొప్పి చాలావరకు పోయింది. మా చుట్టాలను కూర్చోబెట్టి ఆ "పెద్ద దిక్కు" మాట ఇక వాడితో అనవద్దని చెప్పడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

ఫోన్ విషయంలో మేడమ్ ఇచ్చిన సలహా మొదట నాకు నచ్చలేదు. మా వారు వీలైనంతవరకు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసేవారు. వీడు ఏడున్నర నుంచే ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. పోస్టు మీద ఉన్నప్పుడు సిగ్నల్ ఉండదు, ఉన్నా ఒక్కోసారి మాట్లాడడానికి అనుమతి ఉండదు. ఎనిమిది దాటిందంటే పిల్లవాడి ముఖం మారిపోయేది. వేళ ఖాయం చేసినందువల్ల, రాని ప్రతి ఫోనూ వాడికి ఒక దుర్వార్తలా తోచేదన్నమాట. వేళ చెప్పవద్దు, "వీలైనప్పుడు చేస్తాను, రెండు మూడు రోజులు చేయకపోయినా పనిలో ఉన్నట్టే లెక్క" అని తండ్రి నోటితోనే చెప్పించమన్నారు. ఆయన చెప్పారు. దానితో పాటు ఒక నోటుపుస్తకం పెట్టాము, నాన్నకు చెప్పాలనుకున్నవి వాడు అందులో రాసుకుంటాడు, ఫోన్ వచ్చినప్పుడు ఆయన "ఇవాళ ఎన్నో నంబరు?" అని అడుగుతారు. నెలకొకసారి అందులోంచి కొన్ని పేజీలు చింపి ఉత్తరంగా పంపేవాళ్ళం. చిరునామాలో ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, యూనిట్, ఆఖరున 56 ఏపీఓ. వాడు అట్లాసు తెరిచి 56 ఏపీఓ ఎక్కడుందని చాలాసేపు వెతికాడు. అది ఊరు కాదని, సైన్యం తపాలా ఏర్పాటని, నాన్న సరిగ్గా ఎక్కడున్నారో నాకూ చెప్పకూడదని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అబద్ధపు ఊరి పేరు చెప్పే తల్లులున్నారు. పిల్లలు గూగుల్ మ్యాపులో వెతికి పట్టేస్తారు, ఆ తరువాత మనం చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

ఇదంతా గాడిన పడిందనుకునేసరికి 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7 తెల్లవారుజామున దానికి జవాబుగా పాకిస్తాన్ వైపు ఉగ్రవాద స్థావరాల మీద మన సైన్యం దాడి, ఆపరేషన్ సిందూర్, జరిగింది. అదే రోజు సాయంత్రం నాలుగు గంటలకు సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి ప్రాంతాల్లో పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగింది. అది ముందే ప్రకటించిన సైరన్. కానీ తండ్రి నియంత్రణ రేఖ మీద ఉన్న పిల్లవాడికి సైరన్ మోత, టీవీలో ఎర్ర అక్షరాలు, ఇంటికి ఫోన్ రాకపోవడం అన్నీ ఒకటే. క్వార్టర్లలో ప్రతి ఇంట్లో టీవీ నడుస్తోంది. స్టూడియోల్లో కూర్చున్నవాళ్ళు పటాలు చూపిస్తూ ఫలానా నగరం పడిపోయిందని కేకలు వేస్తున్నారు. ఆ రోజుల్లో ఆ ఛానళ్ళు చేసిన హాని గురించి నాకు ఇప్పటికీ కోపం పోలేదు. దేశం మొత్తానికి అది క్రికెట్ మ్యాచ్‌లా చూపించారు, మా పిల్లలు దాన్ని వేరేగా చూశారు.

మేడమ్‌తో ఫోన్‌లో మాట్లాడి ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాము. టీవీ ప్లగ్ తీసేశాను. రోజుకు ఒకసారి, సాయంత్రం, నేనూ వాడూ కలిసి సైన్యం అధికారికంగా చెప్పిన విషయాన్ని మాత్రం చదువుతాము. తరువాత పావుగంట సేపు వాడు ఏ భయాన్నయినా చెప్పవచ్చు, ఏ ప్రశ్నయినా అడగవచ్చు. మిగతా వేళల్లో భయం వస్తే కాగితం మీద రాసి ఆ పావుగంటకు దాచుకోవాలి. రాసిపెట్టుకున్న వాటిలో సగం సాయంత్రానికి వాడే కొట్టేసేవాడు. మిగిలిన సగంలో ఒకటి: "నాన్నకు ఏమైనా అయితే టీవీలో ముందు వస్తుందా?" అలాంటి విషయం యూనిట్ నుంచి ముందు కుటుంబానికే చెబుతారని, మన ఇంటికి ఎవరూ రాలేదంటే, ఫోన్ చేయలేదంటే టీవీలో చెప్పేది మన నాన్న గురించి కాదని జవాబిచ్చాను. "నాన్నకు ఏమీ కాదు" అని మాత్రం అనలేదు. అనవద్దని మేడమ్ ముందే చెప్పారు, నాకూ అనడానికి నోరు రాలేదు. మే 9న నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన జవాను మురళీ నాయక్ వీరమరణం పొందిన సంగతి మన ఊళ్ళన్నిటిలోనూ పాకిపోయింది. బ్యానర్లు వెలిశాయి. దాన్ని దాచడం జరిగేపని కాదు. వాడు అడిగితే చెప్పాను, ఇద్దరం కాసేపు ఏడ్చాము, తరువాత అన్నం తిన్నాము.

ఆ రోజుల్లోనే ఒక అర్ధరాత్రి నాకే ఊపిరి ఆడనట్టయింది. పిల్లవాడు పక్కన నిద్రపోతున్నాడు, ఫోన్ రాక చాలా రోజులైంది. 14416 నంబరుకు చేశాను. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. సైనికుల కోసం, వారి కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. అవతలి అమ్మాయి నాకు నీతులు చెప్పలేదు. నన్ను పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టి, శ్వాసను నాలుగు లెక్క పెట్టి లోపలికి, ఆరు లెక్క పెట్టి బయటికి వదిలించి, రేపు పొద్దున నాతో కాసేపు ఎవరు కూర్చోగలరో అడిగింది. పక్క క్వార్టర్ సర్దార్జీ భార్య పేరు చెప్పాను. తల్లి నిలబడితేనే బిడ్డ నిలబడతాడన్నది మేడమ్ మొదటి రోజే అన్న మాట. అప్పుడది మర్యాదకు చెప్పిన మాటలా విన్నాను. ఆ రాత్రి తరువాత నా కోసమూ సెషన్లు అడిగాను.

కాల్పులు ఆగిన చాలా వారాలకు మా వారు లీవు మీద వచ్చారు. ఇక కష్టాలు తీరాయనుకుంటారు గానీ, మాకు రెండో విడత అక్కడే మొదలైంది. పిల్లవాడు రెండు రోజులు నాన్నను వదలలేదు, మూడో రోజు నుంచి ముఖం చాటేశాడు. నా మంచం పక్కన తన చోటు పోయింది, తాళాల గుత్తి ఎవరికి ఇవ్వాలో తెలియలేదు, నోటుపుస్తకానికి పనిలేదు. ఆయన పొద్దున అయిదింటికి లేపి పరుగు పెట్టించాలని చూశారు, హోంవర్కు తప్పులకు గొంతు పెంచారు. వాడు ఒకరోజు "మీరు మళ్ళీ ఎప్పుడు వెళతారు?" అని అడిగాడు. ఆయన ఆ మాటకు చాలాసేపు మాట్లాడలేదు. మేడమ్ ఆయన్ను విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. కొత్త యూనిట్‌కు వెళితే మొదటి వారమే నియమాలు మారుస్తారా, ముందు అక్కడి పద్ధతి చూస్తారా అని అడిగారట. ఆయన ఇంటికి వచ్చి నవ్వుతూ, "నేనిప్పుడు కొత్తగా చేరిన రంగ్‌రూట్‌ని" అన్నారు. పరుగులు మానేసి, వాడి పద్ధతిలోనే చేరారు: బడి బస్సు దగ్గర దింపడం, సాయంత్రం క్యారమ్స్, రాత్రి గార్డు మార్పిడిలో వాడి దగ్గర గుత్తి అందుకోవడం. ఒక జవానుకు ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు, ముప్పై రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. మొత్తం ఒకేసారి వాడకుండా, ఈసారి పరీక్షలు అయ్యాక కొంత, వేసవి చివర కొంత తీసుకోవాలని వాడితో కూర్చుని క్యాలెండర్ మీద గుర్తు పెట్టారు. అవి పెన్సిల్ గుర్తులే, మారవచ్చని కూడా చెప్పారు.

చేసినవన్నీ ఫలించలేదు. శ్వాస వ్యాయామం వాడికి ఎప్పుడూ నచ్చలేదు, మేడమ్ ఉన్నప్పుడు చేసి ఇంటికి రాగానే మానేసేవాడు. ఊళ్ళో పెదనాన్న పిల్లలతో దూరం తగ్గించడానికి చేసిన ప్రయత్నాల్లో ఒక్క క్రికెట్ పనికివచ్చింది. తెలుగు చదవడం ఇప్పటికీ వాడికి శిక్షే. పరీక్షల ముందు కడుపునొప్పి అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో వాడే చెబుతున్నాడు, అందువల్ల గాభరా పడడం లేదు.

మా వారికి త్వరలో పీస్ పోస్టింగ్ రావచ్చు. మళ్ళీ కొత్త ఊరు, కొత్త బడి. ఈసారి టీసీ, టీకాల కార్డుతో పాటు మేడమ్ దగ్గర ఇప్పటివరకు జరిగిన సెషన్ల సారాంశం ఒక పేజీ రాయించి తీసుకున్నాను, ఎందుకంటే కొత్త స్టేషన్‌లో కొత్త డాక్టరుకు మొదటి నుంచి చెప్పించడం వాడికి ఇష్టం లేదు. తాను చెప్పదలచినవి అందులో ఉన్నాయో లేవో చూస్తానని అడిగి, చదివి, ఒక వాక్యం కింద గీత గీసి, అది తప్పని మేడమ్ చేత దిద్దించాడు. కాగితాల ఫైలులో అది రిఫరల్ చీటీ వెనకే ఉంది.